చిన్న కేసులు, గాయాల పరిహారం: ఉద్దానంలో తరచు వచ్చే న్యాయ సందేహాలు

వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి నుంచి పలాస, టెక్కలి దాకా సామాన్యులను స్టేషన్ మెట్లెక్కించేవి సాధారణంగా ఘోర నేరాలు కావు. తోట గట్టు తగాదా, పేకాట, తాగి బండి నడపడం, పదహారో నంబరు జాతీయ రహదారిపై ప్రమాదం వంటివే. ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం ఒకే ఘటనకు రెండు దారులు తెరుచుకుంటాయి. శిక్ష కోసం క్రిమినల్ కేసు, నష్టం రాబట్టుకోవడానికి పరిహార దావా. ఒకటి నడుస్తోందని రెండోది ఆగదు.

దెబ్బను బట్టి సెక్షను

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. చేత్తో కొట్టి చిన్న గాయం చేస్తే 115(2) సెక్షను: ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మేజిస్ట్రేటు ఆదేశం లేనిదే పోలీసులు దీన్ని దర్యాప్తు చేయలేరు. అదే తోపులాటలో పన్ను విరిగినా, ఎముక చిట్లినా అది తీవ్ర గాయం. 117(2) కింద శిక్ష 7 ఏళ్ల వరకు వెళ్తుంది. కొబ్బరికాయలు కొట్టే కత్తి ఎత్తితే ఇంకో సెక్షను. అందుకే ఆసుపత్రి ఇచ్చే గాయాల ధ్రువపత్రం ఇరుపక్షాలకూ కీలకం.

తాగి నడిపిన కేసులో కొలత స్పష్టం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే, మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

కేసు పెడితే అరెస్టు తప్పదా?

తప్పనిసరి కాదు. 7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఇలాంటి వాటిలో పోలీసులు సాధారణంగా హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. దాన్ని పక్కన పడేస్తే అరెస్టుకు దారి తీస్తుంది. బెయిలబుల్ నేరమైతే స్టేషన్ బెయిలు హక్కే. అరెస్టు చేస్తే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితం. ఘటన వేరే స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే.

పెద్దమనుషుల రాజీ

చిన్న గాయం కేసును దెబ్బ తిన్న వ్యక్తి రాజీ చేసుకోవచ్చు. నిర్లక్ష్యపు డ్రైవింగుకు పెట్టే 281 సెక్షను రాజీకి లొంగేది కాదు. ఊళ్లో డబ్బు ముట్టజెప్పినంత మాత్రాన ఆ కేసు మూతపడదు.

రోడ్డు ప్రమాదం

పరిహారానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. ప్రమాదం చెన్నైలో జరిగినా, బాధితుడైన ఉద్దానం వలస కూలీ తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌కే రావచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి గడువు 6 నెలలు. దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు గనుక, ఆలస్యమైనవారు ఆశ వదులుకోకుండా న్యాయవాదిని అడగాలి. గుద్దిన బండి దొరక్కపోతే ప్రత్యేక పథకం కింద మృతికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు వస్తాయి.

వైకల్యం ఎంత శాతమన్నది ఒక్కటే లెక్క కాదు. 2010 నాటి రాజ్ కుమార్ తీర్పు ప్రకారం సంపాదన ఎంత దెబ్బతిందో చూడాలి. చెయ్యి పోయిన వడ్రంగి నష్టం, అదే చెయ్యి పోయిన గుమాస్తా నష్టం ఒకటి కావు. కొబ్బరిచెట్టు ఎక్కి బతికేవాడి కాలికీ ఈ సూత్రమే.

పనిలో, అడవిలో, గుడిలో

పలాస జీడిపప్పు కర్మాగారంలో పనిచేస్తూ గాయపడితే యజమాని బాధ్యత వహించాలి. దీనికి ఆధారమైన 1923 చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. దావాకు 2 ఏళ్ల గడువు. ఎలుగుబంటి దాడి చేస్తే పరిహారం కోసం వెళ్లాల్సింది అటవీశాఖకు. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగు దాడికి ఒకరు బలయ్యారు. 2025 నవంబరు 1న కాశీబుగ్గ వేంకటేశ్వరాలయంలో జరిగిన తొక్కిసలాట తర్వాత కేంద్రం మృతుల కుటుంబాలకు 2 లక్షలు, క్షతగాత్రులకు 50,000 చొప్పున ప్రకటించింది. అలాంటి ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వ సాయమే గానీ, తప్పెవరిదో తేల్చి కోర్టు వేసే పరిహారం కాదు.

ఫీజు కట్టలేనివారు

1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, విపత్తు బాధితులు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. న్యాయసేవల సంస్థ హెల్ప్‌లైన్ నంబరు 15100.