కావలి సెటిల్‌మెంటు: నెల్లూరు తీరాన ఒక నిర్బంధ నివాస చరిత్ర

బయటి ప్రపంచంతో సంబంధం తెగి ఇరుగుపొరుగువారు ఒకేచోట బందీలై బతికే ఇతివృత్తం ఆధునిక థ్రిల్లర్ రచనకు ప్రీతిపాత్రమైంది. అక్కడ వేళకు హాజరు పలకాలి. అనుమతి లేనిదే ఎల్ల దాటరాదు. పక్కింటివాడు ఆప్తుడో వేగులవాడో తెలియదు. ఇటువంటి కల్పనలను రాబోయే కాలానికి హెచ్చరికలుగా చదవడం పరిపాటి. నెల్లూరు తీరప్రాంతంలో ఇటువంటి వ్యవస్థ గత శతాబ్దంలోనే చట్టబద్ధంగా నడిచింది. కావలి సెటిల్‌మెంటును ఆ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రైలుమార్గాలు రాకముందు ఎరుకలవారిలో ఒక వర్గం తీరప్రాంతపు ఉప్పును పశువులపై వేసుకొని లోతట్టు గ్రామాలకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకొనేది. బుట్టలల్లడం, సోది చెప్పడం ఈ సంచార జీవనంలో భాగాలు. ప్రభుత్వ ఉప్పు విధానం, అటవీ చట్టాలు, రైలు రవాణా ఈ వర్తకాన్ని దెబ్బతీసిన తీరును మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన ‘డిసానర్డ్ బై హిస్టరీ’ గ్రంథంలో వివరించారు. వర్తకం నడిచినంతకాలం గ్రామాలకు అవసరమైన సంచారమే, వర్తకం పోయాక పోలీసుల అనుమానానికి కారణమైంది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తర భారతానికి పరిమితం. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను న్యాయస్థానం ప్రశ్నించరాదు. నమోదైనవారి వేలిముద్రలు తీసుకోవచ్చు, నిర్ణీత వేళల్లో హాజరు కావాలని ఆదేశించవచ్చు, సెటిల్‌మెంటులో ఉంచవచ్చు. పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి పాఠశాలల్లో ఉంచే అధికారం కూడా ప్రభుత్వానికి దక్కింది. వ్యక్తి చేసిన పనిని విచారించవలసిన చట్టం ఇక్కడ పుట్టుకనే సాక్ష్యంగా స్వీకరించింది.

సెటిల్‌మెంట్ల నిర్వహణను ప్రభుత్వం చాలాచోట్ల క్రైస్తవ సంస్థలకు అప్పగించింది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ అధీనంలో వెలసింది. గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి వచ్చింది. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ పక్షాన రెవరెండ్ ఎస్.డి. బాడెన్ నిర్వహించారు. కాపలా అనే అర్థమున్న పేరుగల ఊరే నిఘాకు కేంద్రమైంది. సంస్కరణ అనే మాట వెనుక శ్రమ అవసరం కూడా ఉండేది. చీరాలలోని పొగాకు కర్మాగారానికి స్టూవర్టుపురం కూలీలను సమకూర్చిన వైనాన్ని మీనా రాధాకృష్ణ చూపారు.

ఇటువంటి నివాసంలో ఇరుగుపొరుగు బంధం ఎలా మారుతుందన్నది చరిత్రకారుడు వేసుకోవలసిన ప్రశ్న. సంచార కాలంలో ఏ కుటుంబాలతో కలిసి నడవాలో గుంపు తానే నిర్ణయించుకొనేది. సెటిల్‌మెంటులో పొరుగును అధికారి నిర్ణయించాడు. బంధువుల ఇంట పెళ్లికైనా, చావుకైనా అనుమతి చీటీ కావలసి వచ్చినచోట సత్ప్రవర్తన అన్న ముద్ర జీవనాధారమవుతుంది. ఆ ముద్రకోసం ఒకరిపై ఒకరు కన్నువేసే పరిస్థితి ఏర్పడుతుంది. గోడకన్నా ఈ పరస్పర అనుమానమే బలమైన నిర్బంధం.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దుచేసింది. దేశవ్యాప్తంగా అది 1952 ఆగస్టు 31న రద్దయింది. అయితే అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో నిఘా కొనసాగింది. తెలుగు సినిమా కూడా ఆ పాత చూపును పూర్తిగా వదులుకోలేదు. 1991లో వచ్చిన ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ మొదలు 2023 నాటి ‘టైగర్ నాగేశ్వరరావు’ వరకు ఆ ఊరిపేరు నేరకథకు నేపథ్యంగానే నిలిచింది. ఈ కథల్లో ఉత్కంఠ దొంగ చుట్టూ తిరుగుతుంది. రాత్రి హాజరుకు పేరు పిలిచేవేళ బిడ్డ ఇంకా ఇల్లు చేరని తల్లి భయానికి వాటిలో చోటు దక్కలేదు.

కావలి గురించి మనకు లభించే సమకాలీన లిఖిత ఆధారాల్లో అధికభాగం పాలకులు, మిషనరీలు ఆంగ్లంలో రాసుకొన్నవి. వాటిలో నివాసులు అంకెలుగా, సంస్కరణకు నిదర్శనాలుగా కనిపిస్తారు. తమిళానికి సన్నిహితమైన ఎరుకల భాషలో తరతరాలుగా నిలిచిన జ్ఞాపకాలు ఈ లోటును కొంతవరకు పూరించగలవు. వాటిని చెప్పగల పెద్దలు ఉండగానే సేకరించడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం. అప్పుడే ఈ నిర్బంధ చరిత్రను నిర్బంధితుల పక్షాన చదవడం సాధ్యమవుతుంది.