ఇంటి విద్య నుంచి ఊరి విద్యకు: సిద్దిపేట చిత్రకారుల గురుఋణం

సిద్దిపేట ప్రాంతపు చిత్రకళా చరిత్రలో గురువుపట్ల కృతజ్ఞత దక్షిణగా కంటే, నేర్చిన పనిని తర్వాతివారి చేతికి అందించడంగానే ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ఆ తర్వాతివారు ఎవరు కావాలన్న విషయంలో నకాషీ కుటుంబాలు ఒక దారి పట్టగా, అదే కళను చూసి ప్రేరణ పొందిన కాపు రాజయ్య మరొక దారి పట్టారు.

నకాషీలు అంటే గుడ్డ మీద, కొయ్య మీద కథలను బొమ్మకట్టే వృత్తి చిత్రకారులు. వారి పనికి ప్రధాన స్థానమైన చేర్యాల పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండి, 2016లో కొత్తగా ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరింది. సుమారు మూడడుగుల వెడల్పుతో, కొన్నిసార్లు నలభై అడుగులకు మించిన పొడవుతో ఉండే వీరి చిత్రాన్ని పటం అంటారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, బంక కలిపిన పూతను పొర మీద పొరగా పట్టించి, ఎండాక ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలను అడ్డవరుసలుగా తీర్చేవారు. గుడ్డ సిద్ధం చేయడం దగ్గర నుంచి కన్ను, ముక్కు తీర్చడం దాకా ఈ పనికి పుస్తకం గాని, కొలతల పట్టిక గాని లేవు. పెన్సిలు గీత కూడా లేకుండా నేరుగా కుంచెతో రూపురేఖ లాగగలిగే చేయి పెద్దల పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నవారికే వచ్చేది కనుక, ఇల్లే బడిగా, తండ్రో మామో గురువుగా ఈ విద్య సాగింది. తైత్తిరీయోపనిషత్తు చదువు ముగించిన శిష్యుడికి గురువు కోరిన ధనం తెచ్చి ఇమ్మని, సంతతి తెగిపోకుండా చూడమని, నేర్వడాన్నీ నేర్పడాన్నీ ఏమరవద్దని చెప్పింది. వేదం చదవని నకాషీ ఇంట్లో ఈ మూడూ ఒక్క పనిగానే జరిగాయని అనవచ్చు: కొడుకుకు కుంచె పట్టించడమే తండ్రి బాకీ తీర్చడం.

ఈ విద్య ఇల్లు దాటకపోవడానికి కారణాన్ని స్వార్థంలో వెతకడం తొందరపాటు. అప్పట్లో పటం అంగడి సరుకు కాదు. ఒక్కొక్క కులానికి ఆ కుల పురాణాన్ని చెప్పే ఆశ్రిత కులాలవారు తమ కథకు తగినట్టు దాన్ని రాయించుకునేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ముదిరాజుల ముందు పాండవుల కథ విప్పే కాకిపడిగెలవారు ఇలాంటివారే. ఏ ఊళ్లలో ఎవరు కథ చెప్పాలో నిర్ణయించే హక్కును మిరాశి అనేవారు. అది వంశపారంపర్యంగా సంక్రమించేది. కథకుడి ఆదాయం మిరాశి మీద, నకాషీ ఆదాయం కథకుడి మీద ఆధారపడిన ఆ అమరికలో, తరానికి కావలసిన పటాలు పరిమితమే గనుక, చిత్రకారులు పెరిగితే ఉన్న పనే పంచుకోవలసి వచ్చేది. అలా చూస్తే ఆ గోప్యత ఒక ఆర్థిక జాగ్రత్త.

కాపు రాజయ్య (1925–2012) సిద్దిపేటలో పుట్టి, అక్కడే పనిచేసి, అక్కడి మనుషులనే చిత్రించిన కళాకారుడు. బోనాలు, బతుకమ్మ, పల్లెల్లో కాయకష్టం చేసే స్త్రీపురుషులు ఆయన చిత్రాలకు వస్తువులు. దళసరి రేఖ, చదునైన రంగు, పక్కకు తిరిగిన ముఖాలలో నకాషీ ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. నకాషీ ఇంట్లో పుట్టని ఆయన ఆ ఇళ్ల నుంచి తీసుకున్నది చాలా ఉన్నా, దాన్ని తిరిగి ఆ ఇళ్లకే చెల్లించే మార్గం లేదు. డ్రాయింగు మాస్టారుగా పాఠశాలలోను, 1963లో సిద్దిపేటలో స్థాపించిన లలిత కళా సమితి ద్వారాను, ఆయన కుల వంశాలతో నిమిత్తం లేకుండా ఆసక్తి ఉన్న పిల్లలకు బొమ్మ వేయడం నేర్పారు. హైదరాబాదులోనో బరోడాలోనో చేరితే తప్ప చిత్రకళ చదవడం సాధ్యం కాని కాలంలో, ఒక తాలూకా కేంద్రంలో అటువంటి సమితి నిలబడటం చిన్న విషయం కాదు. పేరు రాగానే నగరానికి తరలిపోయే కళాకారుల మధ్య రాజయ్య ఊరు విడవకపోవడమే, ఆయనకు దక్కిన సత్కారాలన్నిటికంటే, ఆయన శిష్యులకు ఎక్కువ ఉపయోగపడిందని చెప్పాలి.

ఇంతలో నకాషీల ఆధారమే కదిలింది. సినిమా, రేడియో, తర్వాత టెలివిజన్ వచ్చి కులపురాణ ప్రదర్శనలకు ఆదరణ తగ్గడంతో కొత్త పటం రాయించేవారు అరుదయ్యారు. కుటుంబాలు వేరే పనులకు మళ్లగా చేర్యాలలో కొద్ది ఇళ్లే మిగిలాయి. హైదరాబాదు కళాసేకర్త జగదీశ్ మిత్తల్ పాత పటాలను సేకరించి వాటి విలువను లోకానికి చూపగా, హస్తకళల సంస్థలు చిన్న పరిమాణపు చిత్రాలకు, చింతగింజల ముద్ద, రంపపు పొట్టుతో చేసే మాస్కులకు సంత కల్పించాయి. కొనేవాడు కథకుడి బదులు నగరవాసి కావడంతో పాత జాగ్రత్తకు అర్థం పోయింది. నేర్చేవారు పెరగడమే ఇప్పుడు వృత్తికి రక్ష. దనాలకోట వైకుంఠం వంటి చిత్రకారులు ఇంటి కోడళ్లకు కూడా కుంచె అందించారు. ఆయన భార్య వనజ భర్త దగ్గర నేర్చుకునే చిత్రకారిణి అయ్యారు. గురువుకు గౌరవ వేతనం, శిష్యుడికి భృతి ఇచ్చే కేంద్ర హస్తకళల శాఖ శిక్షణ పథకాలు కూడా ఇటువంటి వృత్తుల కోసమే వచ్చాయి. జీతం తీసుకుని నేర్పితే అది గురుఋణం తీర్చడం అవుతుందా అని శంకించేవారికి, రాజయ్య కూడా జీతగాడైన మాస్టారేనన్నది చాలినంత సమాధానం.

అయితే ఈ మార్పు పటంలో సగానికే మేలు చేసింది. బొమ్మ గోడకెక్కి బతికింది గాని, దాని ముందు నిలబడి రాత్రంతా కథ నడిపిన కూనపులి, కాకిపడిగెల, డక్కలి గాయకుల విద్యకు అటువంటి కొనుగోలుదారులు దొరకలేదు. వారి పిల్లలు మిరాశి ఊళ్లు తిరగడం మానుకుంటున్నారు. కథ తెలిసిన పెద్దలకు నేర్పాలని ఉన్నా, ఎదుట కూర్చునే శిష్యుడు లేడు.