తెరపై కదలని బొమ్మ: ఇంటి కంప్యూటరులో వీడియో కథ

ఇంటిలో కంప్యూటరు బాగుగనే పనిచేయుచున్నది. అంతర్జాలములో వార్తలు చదువవచ్చును, ఉత్తరములు పంపవచ్చును. కాని పాఠమునకు కావలసిన వీడియోను నొక్కినచో తెర నల్లబడి ఊరకుండును. లేదా మాట వినబడును, బొమ్మ కనబడదు. యంత్రము చెడినదని తలచుట సహజము. అయితే 1991 నుండి జరిగిన కథను పరిశీలించినచో, పెక్కు సందర్భములలో చెడినది యంత్రము కాదనియు, వీడియోను పంపువారికిని చూచువారికిని నడుమ ఒప్పందము కుదరలేదనియు తెలియును.

ఒప్పందమెందుకు? ఒక చిన్న లెక్క వేసి చూతము. అడ్డముగా 640, నిలువుగా 480 చుక్కలు గల బొమ్మను తీసికొందము. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 3 బైట్లు చొప్పున బొమ్మకు 9,21,600 బైట్లు కావలెను. సెకనుకు 30 బొమ్మలు చూపవలెనన్నచో 22 కోట్లకు పైగా బిట్లు అగును. 1990ల చివర టెలిఫోను తీగకు తగిలించిన మోడెము సెకనుకు హెచ్చుగా తేగలిగినవి 56,000 బిట్లు మాత్రమే. ఒక్క సెకను వీడియోను ఉన్నదున్నట్లు తెచ్చుటకు గంటకు పైగా పట్టునన్నమాట!

కనుక వీడియోను కుదింపక తప్పదు. ఈ కుదింపునకు మూలమైన గణితమును బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహమ్మద్ 1972లో తలపెట్టి, అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను ధనసహాయము కోరగా ఆ సంస్థ ఇవ్వలేదు. ఆయన విడువక, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు గార్లతో కలిసి 1974లో దానిని ప్రకటించెను. ఉన్నత పాఠశాలలో మనము నేర్పు కొసైనుయే దాని ఆధారము. బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గడులుగా విభజించి, ప్రతి గడిలోని వెలుగునీడలను కొసైను తరంగముల మొత్తముగా వ్రాయుదురు. కంటికి ముఖ్యమైన పెద్ద మార్పులను ఉంచి, కన్ను పట్టలేని సన్నని మార్పులను చాలవరకు వదలివేయుదురు. అంతేకాదు, ఉపాధ్యాయుడు నల్లబల్లముందు నిలిచి చేయి కదపినచో, కదలని నల్లబల్లను మాటిమాటికి పంపనేల? మారిన భాగమును మాత్రము పంపిన చాలును.

ఇట్లు కుదించి, మరల విప్పు సాధనమునకు కోడెక్ అని పేరు. కుదించిన పద్ధతి తెలియనిదే విప్పుట సాధ్యము కాదు. చిక్కంతయు ఇక్కడనే పుట్టినది. 1991లో ఆపిల్ వారి క్విక్‌టైము, 1992లో మైక్రోసాఫ్టు వారి వీడియో ఫర్ విండోస్, 1997లో రియల్‌వీడియో వచ్చినవి. ఎవరి ముడి వారిదే. పైగా మైక్రోసాఫ్టు వారి ఏ.వి.ఐ. ఫైలు ఒక సంచి వంటిది. సంచి మూతి ఒక్కటే గాని, లోపలి మూటను ఏ కోడెక్ కట్టినదో నాలుగక్షరముల గురుతు చూచి తెలిసికొనవలెను. ధ్వని మూటను విప్పగలిగి, బొమ్మల మూటను విప్పలేనప్పుడు మాట వినబడి తెర నల్లగా ఉండును. కోడెక్ వెదకి తెచ్చుకొను భారము గృహస్థునిపై పడినది. ఇది అన్యాయమే. ఆ అవసరమును కనిపెట్టి, కోడెక్ పేరుతో దొంగ ప్రోగ్రాములను ఇండ్లలో దింపినవారును ఉన్నారు; 2005-06 ప్రాంతమున వ్యాపించిన జ్లాబ్ అట్టిదే.

2002లో మాక్రోమీడియా వారి ఫ్లాష్ వీడియోను చూపసాగినది. 2005లో వెలసిన యూట్యూబు దానినే నమ్ముకొన్నది. ఒక్క ఫ్లాష్ ఉన్న చాలును, వీడియో ఆడెడిది. కాని అది ఒక్క సంస్థ సొత్తు. భద్రతలో కన్నములు పెక్కు. 2007లో వచ్చిన ఐఫోను దానిని చేర్చుకొనలేదు. తుదకు అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు స్వస్తి చెప్పి, 2021 జనవరి 12 నుండి దానిలో ఏదియు నడువకుండ చేసినది. ఫ్లాష్‌తో తయారైన బోధనా చిత్రములు, ప్రయోగ నమూనాలు ఎన్నో దానితో మూగపోయినవి. కొలరాడో విశ్వవిద్యాలయపు ఫెట్ నమూనాలవలె తిరిగి వ్రాయబడినవి నిలిచినవి. వ్రాయువారు లేనివానికి ఆ భాగ్యము లేదు. ఉపాధ్యాయులకు ఈ నష్టము చిన్నది కాదు.

ఇంతలో బ్రౌజరే స్వయముగా వీడియోను చూపవలెనని 2007లో ఒపేరా వారు ప్రతిపాదించిరి. ఏ కోడెక్‌తో? హెచ్.264 మేలైనదే గాని, దానికి పేటెంటు రుసుము చెల్లింపవలెను. థియోరా ఉచితము, కాని ఆపిల్, నోకియా దానికి ఒప్పుకొనలేదు. తగవు తీరక 2014లో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్.5 ప్రమాణములో ఏ కోడెక్ పేరును చేర్చలేదు! ఒక బ్రౌజరులో ఆడిన వీడియో మరియొకదానిలో ఆడకుండుటకు ఇది ఒక కారణము. 2013లో సిస్కో సంస్థ తన హెచ్.264 ప్రోగ్రామును ఉచితముగా ఇచ్చి, రుసుమును తానే భరించుటకు పూనుకొన్న తరువాత ఈ చిక్కు కొంత సడలినది.

నేడు వీడియో ఆడనప్పుడు మొదట అదే వీడియోను మరియొక బ్రౌజరులో తెరచి చూడవలెను. అక్కడ ఆడినచో యంత్రము నిర్దోషి. మొదటి బ్రౌజరును క్రొత్త కూర్పునకు మార్చవలెను. ధ్వని వచ్చుచు బొమ్మ పచ్చగానో నల్లగానో ఉన్నచో, మూటను విప్పు పనిని చేపట్టిన గ్రాఫిక్స్ చిప్పును, దాని డ్రైవరును అనుమానింపవచ్చును. బ్రౌజరు సెట్టింగులలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనుదానిని తీసివేసి పరీక్షింపవలెను. బొమ్మ తడబడుచు, ఫ్యాను హోరెత్తినచో, 2018లో వెలువడిన ఏవి1 వంటి క్రొత్త కోడెక్ మూటను విప్పు విద్య పాత చిప్పునకు లేక, ఆ భారమంతయు ప్రాసెసరుపై పడి ఉండవచ్చును. అప్పుడు వీడియో నాణ్యతను 1080 నుండి 480కి తగ్గించినచో బొమ్మ సాధారణముగా సాఫీగా కదలును.