చెరిపిన గీతలు, మిగిలిన గీతలు: పాత చిత్రకథలలో వర్ణవివక్ష

తపాలా బిళ్ళలనో, నాణేలనో సేకరించే వ్యక్తికి మన సమాజంలో ఒక మర్యాద ఉంది. పాత కామిక్స్ పుస్తకాలు కూడబెట్టేవాడికి ఆ మర్యాద లేదు. బాల్యం వదలని మనిషి అని నవ్వి ఊరుకుంటారు. నవ్వేవారిని తప్పుపట్టలేను. ఆదివారం ఉదయం హైదరాబాదు ఆబిడ్స్‌లో, మూసి ఉన్న దుకాణాల ముందు కాలిబాట మీద పరిచిన పాత పుస్తకాల గుట్టల దగ్గర నడివయస్సు ప్రభుత్వోద్యోగి ఒకడు గొంతుక్కూర్చుని, అట్ట చిరిగిన బొమ్మల పుస్తకానికి బేరమాడుతుంటే చూసేవారికి వినోదంగానే ఉంటుంది. అయితే చరిత్ర విద్యార్థిగా అలవాటైన పనిని ఈ పుస్తకాల విషయంలోనూ మానుకోలేకపోయాను. అది పాఠాంతరాలను పోల్చి చూడడం. ఒకే కావ్యానికి దొరికిన నాలుగు తాళపత్ర ప్రతులను ఎదురెదురుగా పెట్టి, ఏ లేఖకుడు ఎక్కడ ఏ మాట మార్చాడో మన పరిష్కర్తలు గుర్తించేవారు. అదే పద్ధతిలో ఒకే బొమ్మల కథకు వేర్వేరు కాలాలలో వచ్చిన ముద్రణలను, దొరికినంత మేరకు, పక్కపక్కన పెట్టి చూశాను. మారిన చోట్లు కనిపించాయి. వాటిలో ముఖ్యమైనవి మనుషుల చర్మం రంగుకు సంబంధించినవి.

బెల్జియం చిత్రకారుడు ఎర్జే గీసిన ‘టిన్‌టిన్ కాంగోలో’ కథతో ప్రారంభించడం సులభం. అక్కడ మార్పుల తేదీలు స్పష్టంగా తెలుస్తాయి. ఆ కథ 1930 జూన్ నుంచి ఏడాదిపాటు బ్రస్సెల్స్‌లోని ఒక క్యాథలిక్ దినపత్రిక పిల్లల అనుబంధంలో వెలువడి, 1931లో పుస్తకమైంది. అప్పటికి కాంగో బెల్జియం వలసరాజ్యం. అంతకుముందు 1885 నుంచి 1908 వరకు అది రెండవ లియోపోల్డ్ రాజుగారి సొంత ఆస్తి. రబ్బరు వసూళ్ళ కోసం అక్కడ జరిగిన దారుణాలు, చేతులు నరకబడిన మనుషుల ఛాయాచిత్రాలు లోకంలో అలజడి రేపిన తరువాతనే బెల్జియం ప్రభుత్వం ఆ దేశాన్ని రాజు చేతి నుంచి తీసుకుంది. ఇరవై రెండేళ్ళు గడిచేసరికి బ్రస్సెల్స్ పిల్లలకు అదే కాంగో ఒక వినోదయాత్రగా అందింది. ఎర్జే కాంగోను కళ్ళతో చూడలేదు. ఆయన బొమ్మల్లోని కాంగో ప్రజలు లావు పెదవులతో, వచ్చీరాని భాషతో, తెల్ల యువకుడి తెలివికి నోరు తెరిచే అమాయకులు. కథ ముగిసేసరికి టిన్‌టిన్‌కూ అతని కుక్కకూ విగ్రహాలు నిలిపి మొక్కుతారు.

నడుమ ఒక బడి దృశ్యం ఉంది. మిషనరీల బడిలో టిన్‌టిన్ నల్లపిల్లలకు పాఠం చెబుతూ, మీ దేశమైన బెల్జియం గురించి ఈరోజు చెప్పుకుందాం అంటాడు. 1946లో రంగుల ముద్రణ కోసం కథను తిరిగి గీసినప్పుడు ఎర్జే ఆ భూగోళ పాఠాన్ని తీసివేసి, దాని స్థానంలో కూడికల లెక్క పెట్టాడు. వలసపాలకుడి గొప్ప తొలగిపోయింది. పెదవులు, భాష, విగ్రహాలు అలాగే మిగిలాయి. 1946 నాటి పుస్తకం మాత్రమే చదివినవారికి ఈ కథ ఏదో పాతకాలపు మొరటు హాస్యంగా తోస్తుంది. 1931 నాటి పాఠం చదివినవారికే అది పిల్లలకు వలసపాలన నేర్పిన వాచకమని అర్థమవుతుంది. తన వర్గంలో ఆనాడున్న దురభిప్రాయాలతోనే ఆ కథ గీశానని ఎర్జే తరువాతి కాలంలో ఒప్పుకున్నాడు. ఈ పుస్తకాన్ని నిషేధించాలని ఒక కాంగో పౌరుడు 2007లో బ్రస్సెల్స్‌లో వేసిన దావాను 2012లో న్యాయస్థానం కొట్టివేసింది. తీర్పు న్యాయమైనదనే నా అభిప్రాయం. దావా వేసిన మనిషి బాధ కూడా న్యాయమైనదే.

అమెరికాలో ఒక ముఖ్యమైన మార్పు పాఠకులు నిలదీసినందువల్ల వచ్చింది. ఫాసెట్ సంస్థ ప్రచురించిన ‘కెప్టెన్ మార్వెల్’ కథలలో 1942 నుంచి స్టీమ్‌బోట్ అనే నల్ల సేవకుడి పాత్ర ఉండేది. అతని ముఖాన్ని మనిషి ముఖంలా గీయలేదు. 1945లో న్యూయార్క్ నగరంలోని ఒక బడి పిల్లలు, నల్లవారూ తెల్లవారూ కలిసి, ఆ బొమ్మను పెద్దది చేయించి పట్టుకుని సంపాదకుడి కార్యాలయానికి వెళ్ళారు. లక్షలాది పిల్లలు నల్లజాతివారంటే ఇలాగే ఉంటారని అనుకుంటారు కదా అని అడిగారు. సంపాదకుడి దగ్గర సమాధానం లేకపోయింది. ఆ ఏడాదే స్టీమ్‌బోట్ కథల్లోంచి అదృశ్యమయ్యాడు. రెండేళ్ళకు, 1947లో, ఫిలడెల్ఫియాకు చెందిన ఆరిన్ ఇవాన్స్ అనే నల్లజాతి పాత్రికేయుడు నల్లజాతి చిత్రకారుల చేతనే గీయించి ‘ఆల్ నీగ్రో కామిక్స్’ తెచ్చాడు. అది ఒక్క సంచికతో ఆగిపోయింది. రెండవ సంచికకు ఆయనకు కాగితం అమ్మేవారే దొరకలేదు.

ఆ దేశపు కామిక్స్ చరిత్రలో నాకు అన్నిటికంటె విలువైనదిగా కనిపించేది ఏడు పుటల చిన్న కథ. ఇ.సి. సంస్థ 1953లో ‘వియర్డ్ ఫాంటసీ’ పద్దెనిమిదవ సంచికలో ప్రచురించిన ‘జడ్జ్‌మెంట్ డే’ అది. యంత్రమానవులు నివసించే ఒక గ్రహానికి భూలోకం నుంచి తనిఖీ అధికారి ఒకడు వస్తాడు. ఆ గ్రహవాసులు విశ్వగణతంత్రంలో చేరడానికి అర్హులా కాదా అని తేల్చడం అతని విధి. (తనిఖీలు చేసే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక ఆ పాత్ర మీద నాకు కొంత పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను.) అక్కడ నారింజ రంగువారు, నీలం రంగువారు ఉన్నారు. లోపలి యంత్రం ఇద్దరిదీ ఒకటే. అయినా నీలం రంగువారికి వేరే పేట, వేరే పని, బస్సులో వెనుక చోటు. మీకింకా అర్హత రాలేదని అధికారి చెప్పి తిరుగు ప్రయాణమవుతాడు. వ్యోమనౌకలో శిరస్త్రాణం తీసిన తరువాత, చివరి బొమ్మలో మాత్రమే, అతడు నల్లజాతి మనిషని తెలుస్తుంది. అతని నుదుటిపై చెమట బిందువులు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి.

1954లో అమెరికా ప్రచురణకర్తలు కామిక్స్ మీద తామే ఒక నియమావళి విధించుకున్నారు. దానిని అమలు చేయడానికి ఒక మాజీ న్యాయమూర్తిని నియమించారు. 1956 ఆరంభంలో ఇ.సి. ఈ కథను పునర్ముద్రించబోగా ఆ అధికారి అధికారి పాత్ర నల్లవాడుగా ఉండరాదన్నాడు. అతడు నల్లవాడు కాకపోతే కథే లేదని సంపాదకుడు వాదించాడు. చివరకు చెమట బిందువులైనా తీసేయమన్నాడట. ప్రచురణకర్త విలియం గెయిన్స్ పత్రికలవారికి అంతా చెప్పేస్తానని బెదిరించి, ఒక్క గీత మార్చకుండా అచ్చువేశాడు. ఆ సంస్థ తెచ్చిన చివరి కామిక్ పుస్తకం అదే. ఎర్జే పుస్తకంలో మార్పు వివక్షను కొంత దాచింది. ఇక్కడ అడిగిన మార్పు వివక్షనే నిలబెట్టేది. కాబట్టి పునర్ముద్రణలో జరిగే మార్పును మంచిదనీ చెడ్డదనీ ముందుగా అనుకోవడానికి వీలులేదు. రెండు ప్రతులూ చేతిలో ఉండాలి.

ఇక మన ఇంటి సంగతి. నా తరం వారికి ఈ లోకాన్ని పరిచయం చేసినవి ఇంద్రజాల్ కామిక్స్. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో ప్రారంభించి 1990 వరకు నడిపిన ఈ మాలికలో 800కు పైగా సంచికలు వచ్చాయి. తొలి సంచికల నాయకుడు ఫాంటమ్. లీ ఫాక్ 1936 ఫిబ్రవరి 17న అమెరికా దినపత్రికలలో ప్రారంభించిన ఈ కథలో, ఓడదొంగల చేతిలో తండ్రిని కోల్పోయిన ఒక ఆంగ్లేయుడి వంశం నాలుగు వందల ఏళ్ళుగా తరతరాలుగా ముసుగు ధరించి అడవిజాతులను కాపాడుతూ ఉంటుంది. ఆ జాతులు మాత్రం అతడు ఒక్కడే అనీ, చావులేనివాడనీ నమ్ముతాయి. మొదట్లో ఆ అడవి ఆసియాలో ఉండేది. దాని పేరు వింటే వంగదేశం గుర్తుకు వచ్చేది. 1960లు వచ్చేసరికి అదే అడవి ఆఫ్రికాకు తరలిపోయింది. కథలో పెద్ద ఇబ్బంది ఏమీ కలగలేదు. అడవిలో ఉన్నది ఎవరైనా ఒకటే అన్న భావన ఉన్నప్పుడు ఖండం మారితే మాత్రం ఏమవుతుంది?

మన సంపాదకులు ఈ కథలను యథాతథంగా అచ్చువేయలేదు. వంగదేశాన్ని తలపించే పేరును డెంకాలీగా మార్చారు. ‘సింగ్’ అనే పేరున్న ఓడదొంగల ముఠాను ‘సింగా’ చేశారు. ఫాంటమ్ తండ్రిని చంపిన దుర్మార్గుడి పేరు మూలంలో రామా. అతడు మన ముద్రణలో రామలు అయ్యాడు. తెలుగువారి రాములు తమ కథలో ఓడదొంగ అయ్యాడని ఆ బొంబాయి సంపాదకులకు తట్టి ఉండదు. ఫాంటమ్‌కు నమ్మిన బంట్లయిన మరుగుజ్జు జాతి పేరు ‘బాందార్’ మాత్రం అలాగే ఉండిపోయింది. మనకు బందరు అంటే రేవుపట్నం. ఆ పేరు పారశీకం నుంచి వచ్చింది. ఫాక్‌కు ప్రేరణనిచ్చిన కిప్లింగ్ అడవి కథలలో ‘బందర్’ అంటే హిందీలో ఉన్న అర్థమే, కోతి. మన మనస్సు నొప్పించే పేర్లన్నీ జాగ్రత్తగా మార్చినవారికి, ఒక నల్లజాతికి కోతి పేరు ఉండడం మార్చవలసిన విషయంగా తోచలేదు. దక్షిణాఫ్రికాలోని భారతీయుల పట్ల వివక్షను 1946లోనే ఐక్యరాజ్యసమితి ముందు పెట్టి, ఆ దేశంతో వాణిజ్యం తెంచుకున్న దేశం మనది. ఆ సంపాదకులను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ పుస్తకాలు చదివిన మనలో ఎవరికీ కూడా తోచలేదు.

ఫాక్ పట్ల అన్యాయం చేయకూడదు. ఆయన తరువాతి కథలలో లువాగా అనే నల్లజాతి వైద్యుడు ఎన్నికలలో గెలిచి దేశాధ్యక్షుడవుతాడు. ఆయనే 1934లో సృష్టించిన మాంద్రేక్ కథలలో లోథర్ అనే ఆఫ్రికా యువరాజు రాజ్యం వదిలి ఇంద్రజాలికుడికి అనుచరుడవుతాడు. చిరుతపులి తోలు, ఎర్ర టోపీ, వచ్చీరాని ఇంగ్లీషు అతని లక్షణాలు. 1965లో ఫ్రెడ్ ఫ్రెడెరిక్స్ బొమ్మలు గీయడం మొదలుపెట్టాక లోథర్ భాష బాగుపడింది, దుస్తులు మారాయి, సేవకుడు మిత్రుడయ్యాడు.

కొన్నేళ్ళ క్రితం మా కార్యాలయంలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒక పెద్దాయన ఏదో కాగితం మీద సంతకం కోసం ఇంటికి వచ్చారు. ఆయనది ఏసీ గార్డ్స్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న పేరు కురచై ఏసీ గార్డ్స్ అయింది. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన సిద్దీల అశ్వదళం నివసించిన పేట అది. 1948లో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసిన తరువాత దళం రద్దయింది. వారి వంశీకులు కొందరు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. బల్ల మీద ఆరబెట్టిన సంచికల్లోంచి ఒకటి ఆయన చేతికి తీసుకుని అట్ట వైపు చాలాసేపు చూశారు. “బడిలో నా పేరు ఇదే సాబ్, లోథర్,” అన్నారు. లోథర్ మంచివాడే కదా అన్నాను. “మంచివాడే. బలవంతుడు, యువరాజు కూడా. కానీ బడిలో ఎంతమంది పిల్లలు! ఒక్కడినీ ఎవరూ మాంద్రేక్ అని పిలవలేదు చూడండి,” అని నవ్వారు.

ఆయన వెళ్ళిపోయాక మా ఊరి బడిలో, నా పక్క బల్ల మీద కూర్చునే నల్లటి కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. అతణ్ణీ మేము అదే పేరుతో పిలిచేవాళ్ళం. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. ఆ రోజుల్లో మా తరగతిలో ఇంద్రజాల్ పుస్తకాలు ఉన్నది నా దగ్గరే.

ఇంద్రజాల్‌లో పనిచేసి బయటికి వచ్చిన అనంత్ పాయ్ 1967లో అమర చిత్రకథను ప్రారంభించారు. మన పురాణాలు మన పిల్లలకు అందాలన్నది ఆయన ఆశయం. అది నెరవేరింది కూడా. కానీ ఆ తొలి సంచికలను ఈనాడు తిరగేస్తే దేవతలు, రాజులు తెల్లగానూ, రాక్షసులు నల్లగానూ కనిపించే బొమ్మలు ఎన్నో ఎదురవుతాయి. వ్యాసుడి పాండవులలో నల్లనివాడు అర్జునుడు. ద్రౌపది పేరే కృష్ణ. ఈ రంగుల పంపకానికి ఇతిహాసంలో ఆధారం వెతకడం వృథా.

ఇవన్నీ ఇంట్లో ఎందుకు దాచుకోవడం అని మా ఇంట్లోవారు అడిగారు. పారవేయలేదు. పారవేస్తే మిగిలేవి దిద్దిన పునర్ముద్రణలే. దిద్దకముందు ఏమున్నదో చెప్పే సాక్ష్యం పోతుంది. అలాగని పిల్లలకు అందేలా కింది అరలోనూ ఉంచలేదు. నా సేకరణకు కార్యాలయ పద్ధతిలో ఒక రిజిస్టరు ఉంది. సంచిక సంఖ్య, నెల, కొన్న చోటు, ఇచ్చిన ధర, పుస్తకం స్థితి అని అయిదు గళ్ళు. ఇప్పుడు ఆరవ గడి గీశాను. మూలంలో ఉండి ఇక్కడ మార్చినది ఏమిటి, మార్చవలసి ఉండీ మార్చనిది ఏమిటి అని అందులో రాస్తున్నాను. ఇప్పటికి నూట పది సంచికలు అయ్యాయి. ఆ పెద్దాయన ఆనాడు చూసిన సంచిక ఎదురుగా ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఆయన దానిని అడిగి తీసుకువెళ్ళారు. తిరిగి ఇమ్మని నేను అడగలేదు.