కెమెరా ప్రొఫైల్ డిఫాల్ట్

రా ఫైలును తెరవగానే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఎంచుకునే రంగుల లెక్కను కెమెరా ప్రొఫైల్ డిఫాల్ట్ అంటారు. రా ఫైల్లో తయారైన బొమ్మ ఉండదు. సెన్సర్ మీది ఒక్కో బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లో ఏదో ఒకదాని గుండా అందుకున్న వెలుగు కొలతలే ఉంటాయి. ఈ వడపోతల గళ్ల అమరికకు కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంట్ వచ్చింది. ఆ కొలతలను రంగులుగా మార్చేది ప్రొఫైలే. కాబట్టి రా ఫోటోను ‘ఉన్నదున్నట్టు’ చూపించామనే మాటకు పెద్దగా అర్థం లేదు.

అడోబీ ప్రొఫైళ్లలో సాధారణంగా రెండు వెలుగులకు లెక్కలుంటాయి: 2856 కెల్విన్ల పాత బల్బు కాంతికి ఒకటి, 6500 కెల్విన్ల పగటి కాంతికి ఒకటి. వైట్ బ్యాలెన్స్‌ను బట్టి సాఫ్ట్‌వేర్ ఆ రెంటి మధ్య విలువను తీసుకుంటుంది.

ప్రొఫైల్‌ను బట్టి రంగులు ఎలా మారతాయో చూడటానికి ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా మంచి ఉదాహరణ. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువారు స్థిరపడ్డ ఊరది. నేల జేగురు రంగు, పక్కనే గూడ్సు యార్డు. అమ్మవారి పూజల్లో పసుపు, కుంకుమ దండిగా కనిపిస్తాయి. రంగులను ముదురుగా చూపే ‘వివిడ్’ ప్రొఫైల్ డిఫాల్టుగా ఉంటే కుంకుమలో ఎరుపు ఛానెల్ హద్దు దాటి, పొడి గరుకుతనం పోయి, ఎర్రటి అట్టముక్కలా మిగలవచ్చు. అలాంటి చోట ‘న్యూట్రల్’తో మొదలుపెట్టి అవసరమైన మేరకు రంగు పెంచుకోవడమే మేలు. సోడియం దీపాల సంగతి వేరు. వాటి కాంతి చాలావరకు పసుపు పట్టీలోనే ఉంటుంది. అందులో లేని నీలాన్ని ఏ ప్రొఫైలూ పుట్టించలేదు.

అడోబీ వారి లైట్‌రూమ్‌లో 2018 ఏప్రిల్ నుంచి కొత్తగా చేర్చే రా ఫోటోలకు ‘అడోబీ కలర్’ డిఫాల్ట్ అయింది. అంతకుముందు ‘అడోబీ స్టాండర్డ్’ ఉండేది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన లైట్‌రూమ్ క్లాసిక్ 9.2తో ఈ డిఫాల్ట్‌ను మార్చుకోవడం వాడుకరికి మరింత సులువైంది. ప్రిఫరెన్సెస్‌లోని ప్రీసెట్స్ విభాగంలో అడోబీ డిఫాల్ట్, కెమెరా సెట్టింగ్స్, సొంత ప్రీసెట్ అనే మూడు దారులుంటాయి. ఒక్కో కెమెరా మోడల్‌కు, కావాలంటే ఒక్కో సీరియల్ నంబరుకు కూడా, వేరే డిఫాల్ట్ పెట్టుకోవచ్చు. సొంత ప్రీసెట్ చేసేటప్పుడు ప్రొఫైల్ గడికి మాత్రమే టిక్ పెట్టాలి. ఎక్స్‌పోజర్ లాంటివి కూడా చేరితే వచ్చే ప్రతి ఫోటోకూ అవే అంటుకుంటాయి. ‘కెమెరా సెట్టింగ్స్’ ఎంచుకుంటే కెమెరాలో పెట్టిన శైలినే సాఫ్ట్‌వేర్ అనుసరిస్తుంది. మోనోక్రోమ్‌లో తీసిన ఫోటో నలుపు తెలుపుల్లో తెరుచుకుంటుంది, లోపల రంగుల సమాచారం భద్రంగానే ఉంటుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌లో ‘ఇన్‌పుట్ కలర్ ప్రొఫైల్’ మాడ్యూల్‌కు ప్రీసెట్ చేసి, ఫలానా కెమెరా ఫోటోలకు దానంతట అదే వర్తించేలా నియమం పెట్టవచ్చు.

లైట్‌రూమ్‌లో డిఫాల్ట్ మార్చినా, అప్పటికే కేటలాగ్‌లో ఉన్న ఫోటోలు పాత ప్రొఫైల్‌తోనే ఉంటాయి. వాటికీ కొత్తది కావాలంటే ఆ ఫోటోలను ఎంచుకుని రీసెట్ నొక్కాలి. అయితే అంతవరకు చేసిన ఇతర సవరణలన్నీ పోతాయి. సవరణలు మిగలాలంటే ప్రొఫైల్‌ను మాత్రమే సింక్ చేయాలి.