పాత కంప్యూటరు సామాను: 1401 యంత్రం నుంచి కోకాపేట దాకా

పాత సామాను వ్యాపారం అనగానే మనలో చాలామందికి ఒక చిన్నచూపు ఉంది. పాత ఇనుము, పాత కాగితాల సరసన పాత కంప్యూటర్లను కూడా చేర్చి, అదొక తూకం బేరంగా లెక్కకడతాం. కానీ మన దేశంలో కంప్యూటరు అడుగుపెట్టిన తీరు గమనిస్తే దీన్ని అంత తేలిగ్గా తీసెయ్యలేం. తొలి దశలో మన పెద్ద కార్యాలయాలకు చేరిన యంత్రాల్లో చాలావరకు ఒకసారి వాడినవే. వాటికి ఇక్కడ కొత్తవాటి మర్యాద దక్కింది, అంతే తేడా.

నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థలో మొదట స్టోర్సులోనూ, తరువాత కంప్యూటరు విభాగంలోనూ పనిచేసి 2010లో పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం కోకాపేటలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. యంత్రాన్ని కొన్న ఫైలు, దాన్ని పనికిరానిదని కొట్టేసిన ఫైలు రెండూ చూసినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నాను.

ఐ.బి.ఎం. కంపెనీ 1401 అనే యంత్రాన్ని 1959లో అమెరికాలో విడుదల చేసింది. 1964లో అదే కంపెనీ సిస్టమ్ 360 అనే కొత్త తరం యంత్రాలను ప్రకటించడంతో అక్కడి ఖాతాదారులు 1401లను వెనక్కి ఇచ్చివేయసాగారు. అలా వచ్చినవాటిని బొంబాయిలోని తమ కర్మాగారంలో మరమ్మతు చేసి, మెరుగుపెట్టి, మన సంస్థలకు అద్దెకిచ్చారు. రైల్వే మిత్రులకు ఈ 1401 పేరు గుర్తుండే ఉంటుంది. జీతాల పట్టీలు, సరుకు రవాణా లెక్కలు 80 నిలువు వరుసల కార్డుల మీద చిల్లులుగా మారి దాని కడుపులోకి వెళ్ళేవి. దాని జ్ఞాపకశక్తి గరిష్ఠంగా 16,000 అక్షరాలు. ఈ వ్యాసం ఒక్కటి ఎక్కిస్తే సగానికి పైగా నిండిపోతుంది! యంత్రం అమెరికాలో పాతబడినా, మనం కట్టిన అద్దె మాత్రం పాతబడలేదు. 1975-76లో పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం ప్రభుత్వ శాఖల్లో కంప్యూటర్ల వాడకాన్ని పరిశీలించి ఈ వ్యవహారాన్ని గట్టిగానే విమర్శించింది.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. ఐ.బి.ఎం. ఒప్పుకోక 1978లో దేశం విడిచి వెళ్ళింది. తయారీదారు వెళ్ళిపోయాడు, యంత్రాలు ఉండిపోయాయి. వాటి నిర్వహణ బాధ్యతను ప్రభుత్వ సంస్థ అయిన సి.ఎం.సి. నెత్తిన వేసుకుంది. (ఆ సంస్థ 2001లో టాటాల చేతికి వెళ్ళి, 2015లో టి.సి.ఎస్.లో కలిసిపోయింది.) 1401లో ఎలక్ట్రానిక్ భాగాలు చిన్నచిన్న కార్డుల మీద అమర్చి ఉండేవి. చెడిన కార్డు పీకి మరొకటి తొడిగితే యంత్రం మళ్ళీ నడిచేది. తయారీ ఆగిపోయిన యంత్రానికి ఆ మరొక కార్డు ఎక్కడినుంచి రావాలి? మూలపడ్డ ఇంకో యంత్రంలోంచే. పాత విడిభాగానికి విలువ అనేది అక్కడ పుట్టింది.

ఆ విలువ తెలిసిన మనుషులు మన నగరంలో అప్పటికే తయారై ఉన్నారు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావుగారు దాని సారథి. ట్రాంబే పరిశోధకులు రూపొందించిన టి.డి.సి.-12 అనే స్వదేశీ కంప్యూటరును 1969లో ఇ.సి.ఐ.ఎల్. దేశానికి అందించింది. ఆ తరువాత 312, 316 వచ్చాయి. ఈ యంత్రాల అమ్మకాల లెక్క ఎలా ఉన్నా, సర్క్యూట్ చదవగలిగిన, టంకం పెట్టగలిగిన చేతులు వందలకొద్దీ ఈ ఊళ్ళో తయారవడమే వాటివల్ల కలిగిన పెద్ద లాభమని నా అభిప్రాయం.

ఇక మా కార్యాలయం సంగతి. కాలం చెల్లిన యంత్రాన్ని కండెమ్నేషన్ కమిటీ ముందు పెట్టేవాళ్ళం. ముగ్గురు సభ్యుల సంతకాలు పడ్డాక డెడ్ స్టాక్ రిజిస్టరులో ఎర్ర సిరాతో కొట్టేసేవాళ్ళం. పుస్తకాల్లో దాని విలువ సున్నా. విరిగిన కుర్చీలు, తుప్పుపట్టిన బీరువాలతో కలిపి అదంతా ఒకే లాటుగా వేలానికి పోయేది. పాడుకున్న ఆసామి లారీ తెచ్చేవాడు. మా గేటు దాటకముందే అతని మనిషి స్క్రూడ్రైవరుతో యంత్రం విప్పి, బోర్డులు, పవర్ సప్లైలు, కేబుళ్ళు విడివిడిగా గోనెసంచుల్లో వేసేవాడు. ఖాళీ డబ్బాను మాత్రం కుర్చీల పక్కన పడేసేవాడు. మా ముగ్గురు సభ్యుల కమిటీ పైకి చూసి రాసింది. అతను లోపల చూసి కొన్నాడు.

1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటరు విధానం, 1991 నాటి సరళీకరణ ఈ వ్యాపారాన్ని వీధిలోకి తెచ్చాయి. పేరున్న కంపెనీ యంత్రం కొనలేనివారు విడిభాగాలు తెచ్చి కూర్పించుకునే అసెంబుల్డ్ కంప్యూటరు రోజులవి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సి.టి.సి., ఆ వ్యాపారానికి అడ్డా అయింది. ఇరుకు వరండాల్లో అడుగడుగునా దుకాణాలు. కొత్త సామాను అద్దాల వెనుక, పాతది బల్లకింద అట్టపెట్టెలో. మరీ చవక కావాలంటే ఆదివారం ఎర్రగడ్డ సంత, లేదా పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారు ఉండనే ఉన్నాయి. బజారులో కొన్నది పనిచేస్తే అదృష్టం, చెయ్యకపోతే అడగడానికి మనిషి ఉండడు. సి.టి.సి.లో అలా కాదు. అక్కడ పెట్టి, చూపించి అమ్మేవారు. అందుకే ఆ పాత సామానుకు అంత గిరాకీ.

ఆ పరీక్ష చూడటమే ఒక ముచ్చట. కుర్రవాడు ర్యామ్‌ను చేతిలోకి తీసుకుని, దాని అంచున ఉన్న బంగారుపూత పళ్ళను పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్దేవాడు. పట్టిన మసి పోయి, బోర్డులో తొడగగానే యంత్రం ఒక్కసారి బీప్ అనేది. వరుసగా అరిస్తే జబ్బు ఉన్నట్టు. హార్డ్ డిస్కును చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "పాతదైతే ఏంది సార్, నడుస్తది గద!" అనేవాడు. 1993 జులైలో జపానులోని నిహామా పట్టణంలో సుమిటోమో కెమికల్ కర్మాగారంలో పేలుడు జరిగింది. చిప్పులకు పైపూతగా వాడే రెసిన్‌లో ప్రపంచ అవసరాలకు అధికభాగం అక్కడే తయారయ్యేది. దాంతో ప్రపంచమంతటా మెమొరీ ధరలు భగ్గుమన్నాయి. అటువంటప్పుడు బల్లకింది అట్టపెట్టె బల్లమీదికి వచ్చేది.

2000 సంవత్సరం తేదీల సమస్య భయంతో కార్యాలయాలు 486 యంత్రాలను వదిలించుకున్నప్పుడు ఈ దుకాణాలకు సామాను వెల్లువెత్తింది. ఆ తరువాత కొన్నేళ్ళకు నాసిరకం కెపాసిటర్ల బెడద. ప్రపంచమంతటా మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి కారిపోయేవి. కొత్త బోర్డు కొనమని కంపెనీవారు చెబితే, సి.టి.సి. కుర్రవాళ్ళు కొద్ది రూపాయల కెపాసిటరు మార్చి అదే బోర్డు బతికించారు.

ఈ వ్యాపారంలో మన పెన్షనర్లకు నేరుగా తగిలే సంగతి ఒకటి ఉంది. 2006 ప్రాంతంలో నాకు పరిచయమున్న ఒక దుకాణదారు పిలిచి, తూకానికి కొన్న డిస్కుల్లో ఒకదాన్ని తెరిచి చూపించాడు. ఒక కార్యాలయం వదిలించుకున్నవి అవి, పేరు చెప్పను. అందులో విశ్రాంత ఉద్యోగుల పేర్లు, పెన్షను నంబర్లు, బ్యాంకు ఖాతాలు, నామినీల వివరాలు వరుసగా ఉన్నాయి. ఎవరో ఫైళ్ళు తొలగించామనుకుని డిస్కు ఇచ్చేశారు. తొలగించడమంటే రిజిస్టరులో విషయసూచిక చింపెయ్యడం లాంటిది. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. ఆ దుకాణదారు నా ఎదుటే మొత్తం చెరిపేసి, తరువాతే అమ్మకానికి పెట్టాడు. అందరూ ఆయనలా ఉండరు. 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, అమెరికాలో ఎం.ఐ.టి.కి చెందిన ఇద్దరు పరిశోధకులు 158 పాత డిస్కులు కొని పరీక్షిస్తే, సరిగ్గా శుభ్రం చేసినవి పన్నెండే తేలాయి. మిగిలినవాటిలో క్రెడిట్ కార్డు నంబర్లే వేలల్లో దొరికాయి. కనుక మీ ఇంటి పాత కంప్యూటరు అమ్మేటప్పుడు డిస్కును మీ కళ్ళముందే పూర్తిగా చెరిపించండి. అది కుదరకపోతే డిస్కు ఊడదీయించి మీ దగ్గరే ఉంచుకుని మిగతాది అమ్మండి. ధర కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇక కోకాపేట. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఇది గండిపేట చెరువు పక్కన ఒక ఊరు. 2023 ఆగస్టులో హెచ్.ఎం.డి.ఏ. వేలంలో ఇక్కడ ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఈ చుట్టుపక్కల గాజు భవనాల్లో కొన్నేళ్ళకొకసారి లాప్‌టాప్‌లు మారుస్తారు. 2012 మే నుంచి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు ఉన్నాయి. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న కొత్త నియమాల ప్రకారం పెద్ద సంస్థలు తమ వ్యర్థాలను నమోదు పొందినవారికే ఇవ్వాలి. బాగుచేసి అమ్మేవారికి కూడా అందులో గుర్తింపు ఉంది. బల్లకింది అట్టపెట్టెకు ప్రభుత్వ పత్రాల్లో ఒక పేరు ఉందన్నమాట! ఇక బాగుకాని బోర్డుల విషయానికొస్తే, టన్నుకు కొన్ని గ్రాముల బంగారమే ఉండే గని మట్టికంటే వాటిలో ఎన్నోరెట్లు ఎక్కువ బంగారం ఉంటుంది. దాన్ని పెరట్లో యాసిడ్‌తో తీసేవారి ఊపిరితిత్తులు పాడవుతాయి. సక్రమంగా తీసే పద్ధతి మీద మన చర్లపల్లిలోని సి-మెట్ ప్రయోగశాల పనిచేస్తోంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. కొత్త విండోస్‌కు తగవన్న కారణంతో చక్కగా నడిచే యంత్రాలెన్నో మూలకు చేరాయి. అదే సంవత్సరం చివర్లో, కృత్రిమ మేధ కేంద్రాలు చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో మెమొరీ ధరలు మళ్ళీ ఎగబాకాయి. మా అబ్బాయి పాత లాప్‌టాప్‌కు ర్యామ్ పెంచుదామని సి.టి.సి.కి వెళ్ళి, 8 జీబీది, వాడినదే, ఎంతని అడిగాను. దుకాణదారు ధర చెప్పి, "ఇది ఇప్పటి రేటు సార్, సాయంత్రం వస్తే మళ్ళ అడగాలె" అన్నాడు. పక్కన కుర్రవాడు రబ్బరుతో రుద్దుతూనే ఉన్నాడు.