పాత రైఫిళ్ల పరిరక్షణ

ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డున 1988 వరకు రైఫిళ్ల కర్మాగారము ఉండెను. అందు ‘నమూనాల గది’ యని యొక గది ఉండెడిది. సైన్యము ఆమోదించిన ప్రతి రకములో ఒక రైఫిలుకు ముద్రవేసి అచ్చట దాచెడివారు. అంగళ్లలోని గజపు బద్దలకు ప్రమాణపు బద్ద యెట్టిదో, కర్మాగారములలో తయారగు రైఫిళ్లకు ఆ రైఫిలు అట్టిది. ఆ సేకరణ పిమ్మట లీడ్స్ నగరమందలి రాయల్ ఆర్మరీస్ సంస్థకు చేరినది.

నమూనాకు దానిపై ముద్రయే సాక్ష్యము. యుద్ధమునకు పోయివచ్చిన రైఫిలుకో? దానిపై మిగిలిన గుర్తులే సాక్ష్యము. 1907 నాటి లీ-ఎన్‌ఫీల్డు రైఫిలులో తూటాల అరను మూసియుంచు ఒక రేకు ఉండెడిది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున తయారీ త్వరపడుటకై, 1916లో ఆమోదించిన రకమున దానిని వదలివేసిరి. పాతవి మరమ్మతునకు వచ్చినప్పుడు వానినుండియు తొలగించుట కలదు. నేడొక సేకర్త ఆ ఖాళీని లోపమని తలచి రేకును అమర్చినచో, రైఫిలు నిండుగా కనబడును. కాని యుద్ధకాలపు తొందరను తెలుపు ఆధారము మాసిపోవును.

మన దేశమున, పశ్చిమ బెంగాలులోని ఇషాపూరు కర్మాగారము కూడ ఈ రైఫిళ్లను చేసినది. 1960 దశకమున 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు మార్చిన మొదటి రకపు గురిపలకపై 2000 వరకు, తరువాతి రకముపై 800 వరకు అంకెలుండును. పలకను మార్చినచో రకమునే మార్చినట్లగును.

ఇక త్రుప్పు సంగతి. నాటి తూటాల రంజకములో పొటాసియం క్లోరేటు ఉండెడిది. అది పేలగా పొటాసియం క్లోరైడు అను లవణము గొట్టములో మిగులును. తేమ తగిలినచో అది ఉక్కును తినివేయును. ఈ లవణము నూనెలో కరగదు, నీటిలో కరగును. అందుచేతనే సైనికులు కాల్పుల పిమ్మట గొట్టమును మరుగునీటితో కడిగి, ఆరబెట్టి, అటుపై నూనె పూసెడివారు.

ఉక్కుపైనున్న నల్లని పూత కూడ ఇనుప ఆక్సైడే. అయినను ఎఱ్ఱత్రుప్పువలె వదులుగా నుండక, ఉక్కును అంటిపెట్టుకొని నూనెను నిలుపును. గరుకు కాగితముతో రుద్దినచో ఎఱ్ఱత్రుప్పుతోపాటు ఈ పూతయు, తయారీ ముద్రలును పోవును. మెరయు ఉక్కు మరల త్వరగా త్రుప్పుపట్టును.

కావున పరిరక్షకులు చేయునది స్వల్పమే. చెమటలోని ఉప్పు అంటకుండ చేతితొడుగులు ధరింతురు. గాలిని పొడిగా నుంచుదురు. పలుచగా నూనె పూయుదురు. చేసిన ప్రతి పనిని వ్రాసియుంచుదురు. ఇంటనున్న పాత తాళమునకును, త్రాసునకును ఇదియే నియమము: రుద్దుటకు ముందు దానిపైనున్నది చదువవలెను.